నోరు తెరవలేకపోతున్న జర్మన్ షెపర్డ్: తిండి లేదు, భయంగా ఉంది

గోదావరి గట్టు | ఫిబ్రవరి 18, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. మా భీముడు జర్మన్ షెపర్డ్, మూడేళ్ళు నిండాయి. మొన్నటిదాకా 34 కిలోలు ఉండేవాడు, ఇప్పుడు 30కి దిగాడు.

పది రోజుల కిందట ఆవలించబోయి మధ్యలోనే కుయ్యిమని అరిచి నోరు మూసేశాడు. పన్ను నొప్పేమో అనుకున్నాం. రెండు రోజులకు బంతి పట్టడం మానేశాడు. ఇప్పుడు గిన్నె దగ్గరికి ఆత్రంగా వస్తాడు, మూతి పెడతాడు, నాలుక కొసతో చారు నాకుతాడు, ముక్క మాత్రం అందుకోలేడు. నోరు నా చిటికెన వేలు దూరేంత కూడా తెరుచుకోవడం లేదు. కణతలు రెండు వైపులా ఉబ్బి గట్టిగా ఉన్నాయి. కళ్ళు కాస్త ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తున్నాయి. తల మీద చెయ్యి వేస్తే మూలుగుతాడు.

దగ్గర్లోని డాక్టరు గారు జ్వరం ఉందని యాంటీబయాటిక్, నొప్పి తగ్గడానికి మెలాక్సికామ్ ఇచ్చారు. అయిదు రోజులైంది, గుణం లేదు. మా అమ్మేమో "పిచ్చి పట్టిందిరా, పిల్లలను దగ్గరికి పోనివ్వకు" అంటోంది. టీకాలన్నీ ఏటా వేయించాను, కార్డు ఉంది. అయినా అమ్మ మాట కాదనలేక వాడిని పెరట్లో కట్టేశాను. వాడు అక్కడ, పిల్లలు కిటికీ దగ్గర. ఎవరికైనా ఇలా జరిగిందా?

ఆముదం సీసా | ఫిబ్రవరి 18, రాత్రి 11:20

ఇది ధనుర్వాతమే అన్నగారూ. దవడలు బిగుసుకోవడం అంటే అదే. వేడి ఉప్పు మూట కట్టి కాపడం పెట్టండి. ఇద్దరు మనుషులు పట్టుకుంటే మూడో మనిషి చెక్క గరిటె పెట్టి మెల్లమెల్లగా నోరు తెరిపించవచ్చు. మా తాతగారు ఎద్దుల నోళ్ళు ఇలాగే తెరిపించి గొట్టంతో మందు పోసేవారు.

పాత స్టెతస్కోపు | ఫిబ్రవరి 19, ఉదయం 5:35

ఆముదం సీసా గారూ, మీ తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ గరిటె వంటింట్లోనే ఉంచండి. ఈ స్థితిలో బలవంతంగా నోరు తెరిస్తే కీలు తొలగవచ్చు, దవడ ఎముక విరగవచ్చు. మత్తు ఇచ్చి తెరిచినా అంతే. ఎద్దు నోరు బిగించుకునేది మొండితనంతో. ఈ కుక్క అలా కాదు, తెరవాలని ఉన్నా తెరవలేకపోతోంది.

గోదావరి గట్టు గారూ, నేను పశువైద్య శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యాను. ఇక్కడ కూర్చుని వైద్యం చెయ్యను, కొన్ని ప్రశ్నలు అడుగుతాను. కింది దవడ వేలాడుతోందా, బిగుసుకుని ఉందా? చొంగ ఎంత కారుతోంది? నీళ్ళు మింగగలుగుతున్నాడా? చెవులు నిక్కపొడుచుకుని ఒకదానికొకటి దగ్గరికి వచ్చాయా, నుదుటి మీద ముడతలు పడ్డాయా? కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయా? చప్పుడు చేస్తే ఉలిక్కిపడుతున్నాడా? ఈ మధ్య గాయం ఏదైనా తగిలిందా? మిమ్మల్ని గుర్తుపడుతున్నాడా? ఒంటి మీద గోమార్లు ఉన్నాయా?

గోదావరి గట్టు | ఫిబ్రవరి 19, ఉదయం 6:10

నమస్కారం డాక్టరు గారూ. దవడ వేలాడటం లేదు, బిగుసుకుని ఉంది. చొంగ కొంచెమే. నీళ్ళు నాలుకతో లాగి మింగుతున్నాడు. చెవులు మామూలుగానే ఉన్నాయి. కాళ్ళు బాగున్నాయి, గేటు చప్పుడైతే పరుగెత్తుతాడు. గాయం లేదు. గుర్తుపట్టకపోవడమా! నన్ను చూస్తే తోక ఆగదు. గోమార్లు సంక్రాంతి ముందు నాలుగైదు తీశాను.

పాత స్టెతస్కోపు | ఫిబ్రవరి 19, ఉదయం 7:02

ముందు మీ అమ్మగారి భయం సంగతి. మన దేశంలో ఆ భయం తప్పు కాదు, ఆవిడను ఎవరూ కసురుకోకండి. అయితే రేబిస్ దవడ దాకా వస్తే కండరాలు చచ్చుబడి కింది దవడ వేలాడుతుంది. నోరు మూసుకోదు, మింగడం పోతుంది, చొంగ ధారగా కారుతుంది, ఆపైన కొద్ది రోజుల్లోనే పశువు పోతుంది. మీవాడిది తలకిందులు వ్యవహారం. నోరు తెరుచుకోవడం లేదు, మింగుతున్నాడు, పది రోజులైనా స్పృహలో తేడా లేదు, టీకాలు ఉన్నాయి. అలాగని నోట్లో వేళ్ళు పెట్టమని కాదు. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది. పరీక్ష చేసే డాక్టరుకు ఈ వివరాలన్నీ చెప్పండి.

ధనుర్వాతం అయితే చెవులు, నుదురు, కాళ్ళు కూడా చెప్పేవి. కంటి వెనక చీము పట్టినా నోరు తెరవలేరు, కన్ను పొడుచుకొస్తుంది. కాని అది ఎక్కువగా ఒక వైపే ఉంటుంది. మీరు రెండు వైపులా అంటున్నారు.

నాకు అనుమానం నమిలే కండరాల వాపు మీద. మాస్టికేటరీ మయోసైటిస్ అంటారు. కణతల దగ్గర, చెంపల దగ్గర ఉండి దవడను మూసే కండరాల్లో, కుక్కలకు ఒక ప్రత్యేకమైన పోగు ఉంటుంది. 2ఎమ్ రకం అంటారు. అది కాళ్ళలో ఉండదు, వీపులో ఉండదు. ఏ కారణం చేతనో ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ ఆ పోగులోని ప్రోటీన్‌ను పరాయిదనుకుని దాని మీదికి యాంటీబాడీలను పంపుతుంది. కంచే చేను మేయడం. అందుకే మీవాడు గేటు దాకా పరుగెత్తగలడు, బిస్కెట్టు మాత్రం పట్టలేడు. లోపలి కండరం వాచి కనుగుడ్డును ముందుకు తోస్తుంది కాబట్టి కళ్ళు అలా కనిపిస్తున్నాయి.

అదే అయితే దీనికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, స్టెరాయిడ్లు కావాలి. ఇక్కడే జాగ్రత్త. ఎవరైనా ఇవాళే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తానంటే "ముందు రక్తం తీసి ఉంచండి" అని అడగండి. వారం పది రోజులు స్టెరాయిడ్లు పడ్డాక యాంటీబాడీ పరీక్ష చేస్తే లేనట్టే చూపించవచ్చు. ఇంకోటి, మెలాక్సికామ్ వాడుతున్న సంగతి తప్పక చెప్పండి. ఆ రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. ఒకటి ఆపి, మధ్యలో విరామం ఇచ్చాకే రెండోది.

నిర్వాహకులు | ఫిబ్రవరి 19, ఉదయం 9:00

సభ్యులకు మనవి. మందుల మోతాదులు రాయకండి. మీ కుక్క చీటీ ఇంకొకరి కుక్కకు పనికిరాదు.

రాకీ వాళ్ళ అక్క | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1:44

ఈ శీర్షిక చూసి ఆఫీసులో భోజనం వదిలేసి రాస్తున్నాను.

మాది హైదరాబాద్. మా రాకీ ల్యాబ్రడార్. వాడికి నాలుగో ఏట ఇదే వచ్చింది. అప్పుడు మాకు ఈ పేరు తెలియదు, మేము వెళ్ళిన చోట కూడా ఎవరూ అనుమానించలేదు. పన్ను పాడైందన్నారు, రెండు పళ్ళు పీకారు. తర్వాత యాంటీబయాటిక్ మార్చి మార్చి ఇచ్చారు. నెలన్నర గడిచాక వాపు తగ్గింది. నొప్పి కూడా పోయింది, తల నిమిరితే అరవడం మానేశాడు. ఇంట్లో ఎంత సంబరపడ్డామో! మా నాన్న గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చారు.

నోరు మాత్రం తెరుచుకోలేదు.

ఇంకో నెలకు వాడి తల మీద ఎముక కనిపించడం మొదలైంది. కణతలు గుంటలు పడ్డాయి, కళ్ళు లోపలికి పోయాయి. ఫొటోలో చూస్తే ఎవరిదో ముసలి కుక్క. అప్పుడు వేరే ఊరి డాక్టరు గారు చెప్పారు, వాపు తగ్గడమంటే జబ్బు తగ్గడం కాదమ్మా, తినడానికి అక్కడ కండ మిగలలేదు, ఆ చోట పీచు పట్టింది అని. పీచు పట్టిన కండ మళ్ళీ సాగదు. మందులు ఇచ్చారు, కొంచెం ఉపయోగం ఉంది. చివరిదాకా వాడి నోరు రెండు వేళ్ళ మందం మాత్రమే తెరుచుకునేది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ రెండు వేళ్ళతోనే రాకీ తొమ్మిదేళ్ళు బతికాడు. జావ నాకేవాడు, పావురాలను తరిమేవాడు, పట్టలేకపోయినా సరే తరిమేవాడు. కాని మీకు ఇంకా కణతలు ఉబ్బే ఉన్నాయంటున్నారు. అంటే సమయం ఉంది. ఇవాళే బయలుదేరండి.

డాలస్ పెరడు | ఫిబ్రవరి 20, ఉదయం 8:15

అక్క చెప్పింది చదివి కళ్ళు చెమర్చాయి. మాది టెక్సస్, పుట్టిల్లు తెనాలి. మా లడ్డూ కవలియర్ స్పానియల్. వాడికి అయిదు నెలల వయసులో వచ్చింది. ఈ జబ్బు సాధారణంగా వయసులో ఉన్న కుక్కలకు వస్తుందట, ఈ జాతికి మాత్రం పసిపిల్లలుగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చని మా డాక్టరు చెప్పారు. జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్, డాబర్‌మన్, రాట్‌వైలర్ కూడా దీని జాబితాలో ఉన్నాయి. ఏ జాతికైనా రావచ్చు.

మాకు రక్తపరీక్షతోనే తేలింది. ఇక్కడి డాక్టర్లు రక్తం నుంచి సీరం తీసి శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు పంపుతారు. 2ఎమ్ యాంటీబాడీలు ఉన్నాయని వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. లేవని వస్తే మాత్రం జబ్బు లేదని అనుకోకూడదు. నూటికి పది పదిహేను కేసులు ఆ పరీక్షకు అందవట.

ఆముదం సీసా | ఫిబ్రవరి 20, ఉదయం 8:40

గరిటె మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాపడం అయినా పెట్టవచ్చా?

పాత స్టెతస్కోపు | ఫిబ్రవరి 20, ఉదయం 9:05

గోరువెచ్చని బట్ట, అదీ కుక్క ఒప్పుకుంటే. జబ్బు తగ్గదు కాని యజమానికి చేతులు ఖాళీగా ఉండవు.

గోదావరి గట్టు | ఫిబ్రవరి 24, రాత్రి 9:30

నాలుగు రోజులు రాయలేకపోయాను, క్షమించండి. భీముడిని కారు వెనక సీట్లో పడుకోబెట్టి పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ గారు తల పట్టుకుని చూసిన రెండు నిమిషాలకే ఇదే జబ్బు పేరు చెప్పారు. యాంటీబాడీ పరీక్షకు నమూనాను విదేశానికి పంపడం, ఆ కాగితాలు, ఆ ఆలస్యం మనకు కుదరదన్నారు. కండ ముక్క తీసి చూద్దామన్నారు.

రక్తంలో కండరాల ఎంజైమ్ సీకే కొద్దిగా ఎక్కువ ఉంది. గోమారు జ్వరం పరీక్షలో ఏమీ లేదు. ఎక్స్‌రేలో దవడ కీళ్ళు బాగున్నాయి. మత్తు ఇచ్చేముందు నాతో సంతకం పెట్టించుకుని ఒక మాట చెప్పారు. మామూలుగా నోట్లోంచి గాలిగొట్టం వేస్తారట, వీడి నోరు తెరుచుకోదు కాబట్టి అవసరమైతే గొంతు దగ్గర కోసి వెయ్యాల్సి రావచ్చని. నా కాళ్ళు వణికాయి. ఆ అవసరం రాలేదు. సన్నని గొట్టం ఎలాగో పట్టిందట. పూర్తి మత్తులో ఉన్నప్పుడు కూడా వాడి దవడ సడలలేదట. నొప్పికి బిగించుకున్న నోరైతే మత్తులో వదులయ్యేదని ఆవిడ అన్నారు.

ఫలితం వారంలో వస్తుందన్నారు. అంతవరకు ఆగకుండా నిన్నటి నుంచి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మెలాక్సికామ్ ఆపి అప్పటికి నాలుగు రోజులైంది.

పాత స్టెతస్కోపు | ఫిబ్రవరి 25, ఉదయం 5:40

మంచి చేతుల్లో పడ్డాడు. స్టెరాయిడ్లకు ముందు గోమారు జ్వరం చూసిన డాక్టరును నేను ఇంకేమీ అడగను. మన దగ్గర ఎన్ని కుక్కల్లో ఆ క్రిములు నిద్రపోతుంటాయో! రోగనిరోధక శక్తిని అణచగానే అవి లేస్తాయి.

ముక్క ఎక్కడి నుంచి తీశారో అడిగి తెలుసుకోండి. నుదుటి చర్మం కింద పల్చటి కండరం ఒకటి ఉంటుంది, ముఖంలో ముడతలు పడటానికి పనికొచ్చేది. నమలడంతో దానికి సంబంధం లేదు. పొరపాటున దాన్నే కోసి పంపి "జబ్బు లేదు" అని రాయించుకున్న కేసు నేనే చూశాను. దాని కిందికి వెళ్ళి కణత కండరాన్ని తియ్యాలి. ఆ కేసులో కత్తి పట్టింది ఎవరని అడగకండి. అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు.

గోదావరి గట్టు | ఫిబ్రవరి 27, రాత్రి 8:12

కణత కండరమేనని చెప్పారు డాక్టరు గారూ.

ఇంకో సంగతి. ఇవాళ మధ్యాహ్నం భీముడు ఇడ్లీ తిన్నాడు! చిదిమి పెట్టిన ఇడ్లీయే. కాని నాకలేదు, పళ్ళతో పట్టాడు. మా అమ్మే పెట్టింది. పెరట్లోంచి లోపలికి తీసుకొచ్చింది కూడా ఆవిడే.

రాకీ వాళ్ళ అక్క | ఫిబ్రవరి 27, రాత్రి 8:20

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

తిండి గురించి మా అనుభవం రాస్తాను. రాగి జావ చెంచా నుంచి ధారగా జారేంత పల్చగా ఉండాలి, ఉప్పు వద్దు. ఉడికించిన కోడి మాంసం, అన్నం, గుమ్మడికాయ కలిపి మిక్సీలో మెత్తగా తిప్పేవాళ్ళం. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం, ఇంట్లో మిగిలిన కూర పులుసు కలపవద్దు. గిన్నె లోతుగా ఉంటే నాలుక అందదు, అంచున్న పళ్ళెం మేలు. సిరంజితో పోయాల్సి వస్తే తల పైకెత్తవద్దు. చెంప పక్క నుంచి కొంచెం కొంచెంగా, మింగాక మళ్ళీ. ఒకసారి తొందరపడి గబగబా పోశాను, ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా దాకా వచ్చింది. ఆ రాత్రి తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

గోదావరి గట్టు | మార్చి 5, సాయంత్రం 6:45

ఫలితం వచ్చింది. వాపు కణాలు బాగా ఉన్నాయి, కొన్ని పోగులు చచ్చిపోయాయి, పీచు పట్టింది మాత్రం కొంచెమేనట. "సరైన సమయానికి వచ్చారు" అన్నారు డాక్టరమ్మ గారు. ఊరికి తిరిగొచ్చాక మా పిల్లవాడు స్కేలు పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. బిస్కెట్టు చూపిస్తే వాడంతట వాడు ఎంత తెరుస్తాడో అంతే కొలత. ఫిబ్రవరి 23న అర అంగుళం లేదు. ఇవాళ అంగుళంన్నర. గోడ మీద పెన్సిలుతో గీతలు పెడుతున్నాడు, పిల్లల ఎత్తు కొలిచినట్టు.

డాలస్ పెరడు | మార్చి 6, ఉదయం 7:30

ఆ గోడకు సున్నం వేయించకండి! నోటికి మంచి కసరత్తు ఏమిటంటే మెత్తని బొమ్మలు, పెద్ద బంతి. కుక్క తనంతట తాను నోరు సాగదీయాలి, మనం లాగకూడదు. లడ్డూకు బంతి సైజు నెలకోసారి పెంచేవాళ్ళం.

ముందే చెబుతున్నాను, ఈ మందుతో విపరీతమైన దాహం, ఆకలి, ఉచ్చ. మా ఇంట్లో తివాచీలు రెండు పోయాయి. పొట్ట కుండలా అవుతుంది. అవన్నీ చూసి మోతాదు మీరే తగ్గించకండి. మాకు నోరు పూర్తిగా తెరుచుకున్నాకే తగ్గించడం మొదలుపెట్టారు, అక్కడి నుంచి ఎనిమిది నెలలు పట్టింది.

గోదావరి గట్టు | మే 6, రాత్రి 11:58

తప్పు నాదే. ముందే ఒప్పుకుంటున్నాను.

ఏప్రిల్ చివరికి ఇక్కడ ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కూలరు ముందు పడుకున్నా భీముడి రొప్పు ఆగలేదు. రాత్రికి నాలుగుసార్లు బయటికి తీసుకెళ్ళేవాణ్ణి. వీధిలోవాళ్ళు "ఏమిటి, కుక్కకు కడుపా?" అని నవ్వారు. నోరు ఇంచుమించు మామూలుగా తెరుస్తున్నాడు కదా అని, డాక్టరమ్మ గారు చెప్పిన తేదీ కంటే ముందే మాత్ర సగం చేశాను. వారం తర్వాత రోజు విడిచి రోజు చేశాను. నిన్న మామిడి టెంక కోసం వచ్చి, పట్టబోయి, అరిచాడు. కణతలు మళ్ళీ వేడిగా ఉన్నాయి. గోడ మీద గీత అంగుళం కిందికి వచ్చింది. పిల్లవాడు నాతో మాట్లాడటం లేదు.

పాత స్టెతస్కోపు | మే 7, ఉదయం 5:20

పిల్లవాడి పక్షమే నేను.

కోపం చాలు, విషయానికి వద్దాం. రెండు నెలలు స్టెరాయిడ్ ఇస్తే ఒంట్లో సహజంగా తయారయ్యే అదే రకం హార్మోను తయారీ మందగిస్తుంది. మాత్ర హఠాత్తుగా తగ్గిస్తే, జబ్బు తిరగబెట్టడం అటుంచి, కుక్క నీరసించి వాంతులతో కూలబడవచ్చు. మీకు అది తప్పింది, అదృష్టం. నోరు తెరుచుకోవడం ఒక్కటే చూసి జబ్బు పోయిందనుకోవడం అందరూ చేసే పొరపాటే. తగ్గింపు నెలల మీద జరగాలి, ప్రతి మెట్టు దగ్గర ఆగి నోరు, సీకే చూసుకోవాలి. ఇవాళే ఫోను చెయ్యండి. దాచకుండా చెప్పండి, ఏ తేదీన ఎంత తగ్గించారో సహా.

రొప్పు గురించి మీరు పడిన బాధ నిజమే. దానికి మార్గం మందు తగ్గించడం కాదు. స్టెరాయిడ్ భారం తగ్గించడానికి తోడు మందులు ఉన్నాయి, అడగండి.

ఆముదం సీసా | మే 7, ఉదయం 7:00

ఈ టపా చూసినవాళ్ళు ఎవరూ ఆయన్ని తిట్టకండి. రాత్రికి నాలుగుసార్లు లేవడం మాటలు కాదు. మా ఆవిడ కాన్పు అయినప్పుడు కూడా నేను అన్నిసార్లు లేవలేదు, ఆవిడ ఈ వేదిక చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

గోదావరి గట్టు | మే 15, రాత్రి 9:10

వెళ్ళి వచ్చాం. డాక్టరమ్మ గారు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. మోతాదు మళ్ళీ పెంచి, అజాథయోప్రిన్ అనే రెండో మందు చేర్చారు. అది పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందట, అందుకే అంతవరకు మొదటిది తగ్గించకూడదట. రెండు వారాలకోసారి రక్తకణాలు, కాలేయం పరీక్ష. మాత్ర చేత్తో విరవవద్దు, తొడుగు వేసుకుని ఇవ్వమన్నారు. జూన్‌లో ఏటా వేసే టీకాలు ఉన్నాయి, ఏం చెయ్యాలో తెలియడం లేదు.

పాత స్టెతస్కోపు | మే 16, ఉదయం 5:45

టీకాల సంగతి మీ డాక్టరమ్మ గారే తేల్చాలి. రేబిస్ టీకాలో ఉండేది చంపిన వైరస్, బతికున్న వైరస్‌తో చేసే టీకాల లెక్క వేరు. రోగనిరోధక శక్తిని అణచి ఉంచినప్పుడు రెండో రకం సాధారణంగా వాయిదా వేస్తారు. మొదటిదాన్ని మాత్రం మన దేశంలో తేలిగ్గా వదిలెయ్యకూడదు. తేదీ దాటకముందే అడగండి.

ఎవరో నాకు విడిగా ఉత్తరం రాశారు, ఇలాంటి కుక్కకు పిల్లలు పెట్టించవచ్చా అని. నేనైతే పెట్టించను.

గోదావరి గట్టు | ఆగస్టు 20, సాయంత్రం 7:25

నోరు మూడు అంగుళాలు తెరుస్తున్నాడు. కాని తల చిక్కిపోయినట్టుంది. రాకీ గురించి అక్క రాసింది గుర్తొచ్చి రాత్రంతా ఆ కణతలే తడుముతున్నాను. జబ్బు మళ్ళీ లోపల తింటోందా?

పాత స్టెతస్కోపు | ఆగస్టు 21, ఉదయం 6:00

తొడలు తడిమి చూడండి. అవి కూడా చిక్కాయా?

గోదావరి గట్టు | ఆగస్టు 21, ఉదయం 6:30

అవును! నడుము దగ్గర ఎముకలు తగులుతున్నాయి. బొచ్చులో కనిపించలేదు.

పాత స్టెతస్కోపు | ఆగస్టు 21, ఉదయం 6:48

ఈ జబ్బు తొడల జోలికి పోదని మొదట్లోనే రాశాను. ఒళ్ళంతా చిక్కడం ఎక్కువ భాగం స్టెరాయిడ్ పని, అది కూడా కండ తింటుంది. మందు తగ్గుతున్న కొద్దీ చాలావరకు తిరిగి వస్తుంది. తల అందం చూడకండి, గోడ మీద గీతలు చూడండి. గీత తగ్గకుండా, నొప్పి లేకుండా ఉన్నంతకాలం నిద్రపోండి. ఈసారి రక్తపరీక్షలో సీకే కూడా కలిపి చేయించండి.

గోదావరి గట్టు | నవంబరు 9, రాత్రి 10:15

ప్రెడ్నిసొలోన్ ఇప్పుడు రోజు విడిచి రోజు, చాలా తక్కువ మోతాదు. ఈసారి ఆవిడ చెప్పాకే తగ్గించాను. అజాథయోప్రిన్ సంక్రాంతి దాకా ఉంటుందట. బరువు 33. కుడి కణత ఎడమదాని కంటే కాస్త పల్లంగా ఉండిపోయింది, అది అలాగే ఉంటుందట. మా వీధిలో దాన్ని చూసి భీముణ్ణి గుర్తుపడుతున్నారు.

రాత్రి టీవీ ముందు అందరం కూర్చున్నాం. వాడు మధ్యలో లేచి, ముందు కాళ్ళు చాపి, ఆవలించాడు. పూర్తిగా, నాలుక చుట్ట చుట్టుకునేదాకా. అరవలేదు. మా అమ్మ టీవీ కట్టేసింది. పిల్లవాడు స్కేలు తెచ్చేలోపు నోరు మూసేశాడు, కాబట్టి గోడ మీద గీత లేదు.

రాకీ వాళ్ళ అక్క | నవంబరు 9, రాత్రి 10:21

గీత పెట్టకపోయినా తేదీ రాసి పెట్టండి.

బుజ్జిపండు | నవంబరు 12, ఉదయం 6:05

నమస్కారమండీ, కొత్తగా చేరాను. ఈ చర్చ అంతా చదివాను. మా పామరేనియన్‌కు కూడా నిన్నటి నుంచి ఇదే జబ్బు అనుకుంటున్నాను. ఏమీ తినడం లేదు, చొంగ చాలా కారుతోంది, నోరు తెరిచే ఉంచుతోంది. గొంతులో ఎముక ఏదైనా ఉందేమోనని మా వారు వేలు పెట్టి చూశారు. ప్రెడ్నిసొలోన్ ఎక్కడ దొరుకుతుంది?

పాత స్టెతస్కోపు | నవంబరు 12, ఉదయం 6:09

అమ్మా, ఇది వేరు. నోరు తెరవలేకపోతోందా, మూయలేకపోతోందా? టీకాలు వేయించారా? మీ వారి చేతికి గీత, పుండు ఏదైనా ఉందా? వెంటనే చెప్పండి.

బుజ్జిపండు | నవంబరు 12, ఉదయం 6:14

మూయలేకపోతోంది. కింది దవడ వేలాడుతోంది. టీకా చిన్నప్పుడు ఒకసారి వేయించాం, తర్వాత లేదు. ఇంట్లోనే ఉంటుంది కదా అని. మా వారి వేలికి పన్ను గీరుకుంది.

పాత స్టెతస్కోపు | నవంబరు 12, ఉదయం 6:17

దవడ నరం వాచినా ఇలాగే వేలాడుతుంది, దానంతట అదే కొన్ని వారాల్లో తగ్గుతుంది. కాని దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. రేబిస్ కాదని తేలేదాకా అవునన్నట్టే నడుచుకోండి. ఇక ఎవరూ దాని నోరు, చొంగ ముట్టుకోవద్దు. ఒక గదిలో వేసి తలుపు మూయండి, పిల్లలను దూరంగా ఉంచండి. మీ వారిని ఇప్పుడే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు వేలు కడుక్కోమనండి. గడియారం చూసి పదిహేను. కట్టు కట్టవద్దు, పసుపు, సున్నం పెట్టవద్దు. తర్వాత నేరుగా ప్రభుత్వ ఆస్పత్రికి, మనుషులకు వేసే రేబిస్ టీకా కోసం. చొంగ తగిలినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళూ వెళ్ళాలి. కుక్క దగ్గరికి పశువైద్యుణ్ణి పిలిచేటప్పుడు ఫోనులోనే ఈ మాట చెప్పండి, ఆయన చేతులు కూడా చేతులే.

గోదావరి గట్టు | నవంబరు 12, ఉదయం 6:20

అమ్మా, మీరు ఏ ఊరు? రాజమహేంద్రవరం చుట్టుపక్కల అయితే కారు తీసుకుని వస్తాను.

బుజ్జిపండు | నవంబరు 12, ఉదయం 6:38

కడియం. చెయ్యి కడుగుతున్నారు. మా అత్తగారు కూడా నిన్న పాలు తాగించడానికి దాని మూతి పట్టుకున్నారు, ఆవిడ చేతులకు పగుళ్ళు ఉన్నాయి. ఇద్దరినీ తీసుకుని వెళ్ళాలి.

గోదావరి గట్టు | నవంబరు 12, ఉదయం 6:39

బయలుదేరుతున్నాను. చిరునామా ఇక్కడ రాయవద్దు, విడిగా పంపండి.